పైపుకు చుట్టిన హీటింగ్ కేబుల్: లోపాన్ని మెగ్గర్ ఎలా పట్టిస్తుంది?

వేసవిలో నూజెండ్లలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికే చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతాయి. అలాంటి చోట పైపును వేడి చేయడానికి కరెంటు తీగ చుడతారంటే వింతగానే ఉంటుంది. కానీ పల్నాడులో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివి గల్ఫ్‌లోనో, విశాఖ వైపు ఫ్యాక్టరీల్లోనో పని వెతుక్కునే మన పిల్లలకు ఇది తెలిసి ఉండాల్సిన పని. దీన్ని హీట్ ట్రేసింగ్ అంటారు.

ఎండ దేశాల్లో దీంతో ఏం పని? రిఫైనరీల్లో వచ్చే గంధకం దాదాపు 115 డిగ్రీల కంటే చల్లబడితే పైపులోనే రాయిలా గడ్డకడుతుంది. రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ ముడి చమురులో మైనం ఎక్కువ, మామూలు వేడికే చిక్కబడుతుంది. అందుకే అక్కడి నుంచి గుజరాత్ తీరం దాకా వందల కిలోమీటర్ల పైపులైనును కరెంటుతో వేడి చేస్తూ నడుపుతున్నారు.

ఎక్కువగా వాడే రకం కేబుల్‌లో రెండు రాగి తీగలు, వాటి మధ్య వేడెక్కే నల్లటి ప్లాస్టిక్, దాని మీద లోహపు అల్లిక, పైన తొడుగు ఉంటాయి. దాన్ని పైపుకు కట్టి, రాక్‌వూల్ చుట్టి, పైన అల్యూమినియం రేకు బిగిస్తారు. అసలు చిక్కు ఇక్కడే. రేకు బిగించేవాడి స్క్రూ లోపలి కేబుల్‌ను గుచ్చవచ్చు. చివరి సీలు సరిగా పడకపోతే తేమ దిగుతుంది. రేకు మూశాక అవేవీ కంటికి కనిపించవు.

అందుకే మెగ్గర్ పెడతారు. బోరులోకి మోటారు దించేముందు మెకానిక్ చేసే పరీక్ష లాంటిదే ఇది. మల్టీమీటర్ చిన్న బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి, గట్టి వోల్టేజీ మీదే బయటపడే లీకేజీని అది పట్టలేదు. రెండు తీగలనూ కలిపి మెగ్గర్ ఒక కొసకు, లోహపు అల్లికను రెండో కొసకు పెట్టాలి. తర్వాత అల్లికకూ పైపుకూ మధ్య చూడాలి. ప్లాస్టిక్ కేబుళ్లకు 2500 వోల్టుల డీసీ వాడమంటారు. సాధారణంగా 20 మెగోములకు తగ్గకూడదు. అయినా ఆ కేబుల్ కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌దే చివరి మాట.

ఈ పరీక్ష ఒక్కసారితో అయిపోదు. రీలు సైటుకు రాగానే ఒకసారి, పైపుకు కట్టాక ఒకసారి, రేకు బిగించాక మరోసారి చేసి, ప్రతిసారీ తేదీతో రాసిపెట్టాలి. రేకుకు ముందు బాగుండి తర్వాత రీడింగ్ పడిపోయిందంటే, దెబ్బ ఎప్పుడు తగిలిందో తెలిసిపోయినట్టే.

రీడింగ్ తక్కువ వస్తే ముందు జంక్షన్ బాక్సులు, చివరి సీళ్లలో తేమ చూడాలి. అక్కడ ఏమీ లేకపోతే, జాయింట్ల దగ్గర కేబుల్‌ను సగానికి విడదీసి ఏ సగంలో లోపముందో చూస్తూ పోవాలి. తీగ, అల్లిక పూర్తిగా కలిసిపోయి ఉంటే లెక్క కూడా కట్టవచ్చు. మొదటి కొస నుంచి 1.2 ఓమ్‌లు, రెండో కొస నుంచి 1.8 ఓమ్‌లు వచ్చాయనుకోండి. మొత్తం 3 ఓమ్‌లు. 1.2ను 3తో భాగిస్తే 0.4. అంటే 100 మీటర్ల కేబుల్‌లో మొదటి కొస నుంచి దాదాపు 40 మీటర్ల దగ్గర రేకు విప్పి చూడాలి. తీగ తెగిపోతే థర్మల్ కెమెరాలో తెగినచోటు నుంచి అవతలి భాగం చల్లగా కనిపిస్తుంది.

పరీక్షకు ముందు కరెంటు తీసి, తాళం వేసి, ట్యాగు తగిలించాలి. థర్మోస్టాట్, ఎలక్ట్రానిక్ కంట్రోలర్ విడదీయకపోతే 2500 వోల్టులకు అవి కాలిపోతాయి. పరీక్ష అయ్యాక కేబుల్‌లో నిలిచిన చార్జిని ఎర్త్‌కు వదిలాకే చెయ్యి పెట్టాలి. గ్యాస్ ఉండే చోట పర్మిట్ లేకుండా మెగ్గర్ తీయనే కూడదు.

పని తొందరలో "రీడింగులు రాసేసి సంతకం పెట్టెయ్" అనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే బ్రేకర్‌ను బైపాస్ చేయమనేవాళ్లూ ఉంటారు. రెండింటికీ ఒప్పుకోకూడదు. రేపు అక్కడ నిప్పు రేగినా, ఎవరికైనా షాక్ కొట్టినా, కాగితం మీద కనిపించేది ఆ కుర్రాడి పేరే. పరాయి దేశంలో ఉన్న బిడ్డ గురించి ఇంట్లో అమ్మీ, అబ్బా ముందు అడిగేది జీతం సంగతి కాదు, క్షేమం సంగతే. ఫోన్ చేసినప్పుడు ఈ ఒక్క మాట కూడా చెప్పండి: చెయ్యని పరీక్షకు సంతకం పెట్టొద్దు.