దేశాంతర సమావేశాలు - కాలనిర్ణయం

లంకలో సూర్యోదయమయ్యే వేళకు సిద్ధపురంలో సూర్యాస్తమయం, యవకోటిలో మధ్యాహ్నం, రోమకపట్టణంలో అర్ధరాత్రి అవుతుందని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి 'ఆర్యభటీయం'లో తెలిపాడు. ఒకే క్షణానికి నాలుగు చోట్ల నాలుగు వేళలన్న ఈ సత్యం ఆనాడు ఖగోళ గణితజ్ఞులకు మాత్రమే అవసరమైనది. నేడు హైదరాబాదులో కూర్చొని లండను, అమెరికా నగరాలలోని సహోద్యోగులతో ముచ్చటించే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఇది నిత్యానుభవం.

భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది. అనగా ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాలు. 1884లో వాషింగ్టన్‌లో సమావేశమైన వివిధ దేశాల ప్రతినిధులు గ్రీనిచ్ రేఖను సున్నా రేఖాంశంగా ఆమోదించారు. మన దేశానికి ప్రమాణం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. ఇది మన కాకినాడ సమీపాన సాగుతుంది. 82½ని 4 చేత గుణిస్తే 330 నిమిషాలు. కనుకనే మన గడియారం గ్రీనిచ్ కాలం కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది.

ఇంతవరకు లెక్క సులభమే. చిక్కంతా వేసవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపే ఆచారంతో వస్తుంది. అమెరికాలో అధిక భాగం మార్చి రెండవ ఆదివారం నుండి నవంబరు మొదటి ఆదివారం వరకు, బ్రిటన్ మార్చి చివరి ఆదివారం నుండి అక్టోబరు చివరి ఆదివారం వరకు దీనిని పాటిస్తాయి. మనకు ఈ ఆచారం లేదు. న్యూయార్కులో ప్రతివారం ఉదయం 9 గంటలకని నిర్ణయించిన సమావేశం హైదరాబాదులో జనవరిలో రాత్రి 7.30కు, జూన్‌లో సాయంత్రం 6.30కు జరుగుతుంది. హైదరాబాదు వేళనే స్థిరంగా ఉంచితే మారేది న్యూయార్కు వారి వేళ. కాబట్టి 'ఎన్ని గంటలకు?' అని అడగడానికి ముందు 'ఏ ఊరి గడియారం ప్రకారం?' అని అడగాలి.

తేదీ విషయంలోనూ జాగ్రత్త అవసరం. హైదరాబాదులో సోమవారం ఉదయం 8 గంటలైనప్పుడు, శీతాకాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆదివారం సాయంత్రం 6.30, అక్కడి మిత్రునికి ఇంకా సెలవుదినమే. పంచాంగం చూసే తెలుగువారికి ఇది కొత్త కాదు. తిథి ముగిసే క్షణం లోకానికంతటికీ ఒక్కటే అయినా సూర్యోదయం ఊరూరికీ వేరు. అందువల్లనే అమెరికాలోని తెలుగువారు తమ ఊరికి గణించిన పంచాంగాన్ని ఆశ్రయిస్తారు. కొన్ని పండుగలు వారికి ఒకరోజు ముందుగా రావడం కద్దు.

లెక్క సరిపోయినా అందరికీ అనుకూలమైన వేళ దొరుకుతుందన్న నమ్మకం లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం 8 గంటలకు సమావేశమైతే శీతాకాలంలో లండనులో సాయంత్రం 4, హైదరాబాదులో రాత్రి 9.30. పసిపిల్లల తల్లికి అది బిడ్డను నిద్రపుచ్చే వేళ. ఆమె సౌకర్యార్థం సమావేశాన్ని హైదరాబాదు ఉదయం 8.30కు మార్చితే శాన్‌ఫ్రాన్సిస్కోలో ముందురోజు రాత్రి 7 గంటలు, లండనులో తెల్లవారుజాము 3 గంటలు! ఎవరో ఒకరు నిద్రనో, ఇంటివారితో గడిపే సమయాన్నో వదులుకోక తప్పదు. పని అప్పగించేవారి పగటిని కాపాడి, పని చేసేవారి రాత్రిని ప్రతిసారీ హరించడం న్యాయం కాదు. ఒక నెల ఒకరు, మరొక నెల మరొకరు అసౌకర్యాన్ని పంచుకోవచ్చు. ముగ్గురూ ఒకేసారి కూడవలసిన అవసరం లేనప్పుడు హైదరాబాదు ఉదయాన ఇద్దరే మాట్లాడుకొని, నిర్ణయాలను వ్రాసి లండనుకు పంపితే చాలును. అక్కడివారు నిద్రలేచి చదువుకుంటారు.