పాముకాటుకు మంత్రం కాదు, మందే విరుగుడు

తోటపల్లి గూడూరు: మడికి నీరు కట్టాలన్నా, రొయ్యల గుంటకు కాపలా కాయాలన్నా తీరప్రాంత రైతుకు, కూలీకి రాత్రివేళ గట్ల మీద నడవక తప్పదు. పాము భయం అక్కడే.

ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. నాలుగింటికీ విరుగుడు సూదిమందు ఒక్కటే. పిల్లలకూ పెద్దలకూ మోతాదు ఒకటే.

కట్లపాము మరీ మోసకారి. నేలమీద నిద్రించేవారిని కరుస్తుంది. నొప్పి, వాపు అంతగా ఉండవు. గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలి, ఊపిరి అందదు. పింజర కాటైతే రక్తం గడ్డకట్టదు. ఆసుపత్రిలో పొడి గాజుగొట్టంలో రక్తాన్ని 20 నిమిషాలు కదల్చకుండా ఉంచి ఈ సంగతి తేలుస్తారు.

గాటు కోయరాదు, నోటితో పీల్చరాదు, తాడు బిగించరాదు. కరచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా తీసుకుపోవాలి. 108కి ఫోన్ చేయాలి. ఆలస్యమైతే దొరికిన బండి ఎక్కించాలి. మంత్రగాడి గడపలో పోయిన గంట తిరిగి రాదు.

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. అది నెరవేరాలంటే మందు ఊరికి దగ్గరలోనే దొరకాలి. నాట్లకు ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు నిల్వ ఉన్నదో లేదో, రాత్రి డాక్టరు ఎవరో గ్రామస్థులు అడిగి తెలుసుకోవడం మంచిది.