గాలి మీద బతికే బండి

మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ పాత చదువు మా అబ్బాయికి చూపించాలన్న సరదాతో, వాడికి పదహారేళ్ళు నిండగానే 1969 నాటి ఫోక్స్‌వాగన్ బీటిల్ ఒకటి కొన్నాను. వెనక డొప్ప ఎత్తగానే వాడడిగిన మొదటి ప్రశ్న: "రేడియేటర్ ఏది నాన్నా?"

లేదు. 1930లలో ఫెర్డినాండ్ పోర్షే ఈ కారుని రూపొందించినప్పుడు, చలికాలం వీధిలో నిలబెట్టినా గడ్డకట్టడానికి ఇంజనులో నీళ్ళు ఉండకూడదనుకున్నాడు. మరి వేడి ఎటు పోతుంది?

మన రాజ్‌దూత్ మోటార్ సైకిల్ గుర్తుందా? ఇంజను బయటికే ఉంటుంది కనుక ఎదురుగాలే దాన్ని చల్లబరుస్తుంది. బజాజ్ చేతక్ ఇంజను డొప్ప చాటున ఉంటుంది. అందుకని ఫ్లైవీల్‌కే ఫ్యాను బిగించి గాలిని తోలతారు. బీటిల్‌దీ ఆ పద్ధతే. ఒక లీటరు నీరు మోసుకుపోయే వేడిని మోయాలంటే సుమారు 3,500 లీటర్ల గాలి కావాలి. అందుకే సిలిండర్ల చుట్టూ పల్చటి రెక్కలు పోతపోసి, గాలి తగిలే మేర పెంచారు. ఫ్యాను గాలి పక్కదారి పట్టకుండా రేకు తొడుగులు బిగించారు. ఆ రేకులు అలంకారం కాదు, ఒక్కటి ఊడినా వేడి పెరుగుతుంది. మిగతా పని రెండున్నర లీటర్ల ఆయిల్‌ది. ఆ ఆయిల్ కూలర్ కూడా ఫ్యాను తొడుగులోనే, మూడో సిలిండరుకి వెళ్ళే గాలికి అడ్డంగా ఉంటుంది. పాపం, ఆ సిలిండరుకి ఎప్పుడూ మిగతావాటికన్నా వేడెక్కువ. 1971 మోడల్‌లో కూలర్‌ని పక్కకి జరిపి ఈ లోపం సరిదిద్దారు. మాది 1969 బండి!

ఇదంతా మావాడికి బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పాను. చెప్పనిది ఒక్కటే.

ఒక జులై మధ్యాహ్నం, టెక్సస్ ఎండలో, ఫ్రీవే మీద ఎర్ర లైటు వెలిగింది. "ఆపుదామా నాన్నా?" అన్నాడు.

"బ్యాటరీ లైటేలేరా. ఇంటికెళ్ళి చూద్దాం" అన్నాను.

బీటిల్‌లో జనరేటరూ, ఫ్యానూ ఒకే ఇరుసు మీద ఉంటాయి. రెండింటినీ తిప్పేది ఒకటే బెల్టు. అది తెగితే ఛార్జింగ్ ఆగి ఎర్ర లైటు వెలుగుతుంది, గాలీ ఆగిపోతుంది. బ్యాటరీలో కరెంటు ఉంటుంది కనుక ఇంజను మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంటుంది. పది నిమిషాల తరవాత పెద్ద చప్పుడుతో ఆగింది. విప్పి చూస్తే మూడో సిలిండరు వాల్వు విరిగి పిస్టన్‌ని పొడిచేసింది.

వాడు నన్నేమీ అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

ఇంజను తిరిగి కట్టడానికి మాకు ఏడాది పట్టింది. ఇప్పుడు ముందు సీటు కింద ఒక కొత్త బెల్టూ, ఒక పానా ఎప్పుడూ ఉంటాయి. డ్రైవరు వాడు. ఏ లైటు వెలిగినా ముందు ఆపుతాడు, తరవాతే నా అభిప్రాయం అడుగుతాడు.