రూట్‌కూ హద్దు గీసిన ఎస్‌ఈలినక్స్

యునిక్స్ సంప్రదాయంలో ఫైలు ఎవరిదో, అనుమతులిచ్చే అధికారమూ వాళ్లదే. రూట్ ఖాతాకైతే అడ్డూ అదుపూ లేదు. రూట్ హోదాలో నడిచే ఒక్క ప్రోగ్రామ్‌లో లొసుగు దొరికినా చాలు, కంప్యూటర్ మొత్తం దొంగ చేతికి చిక్కినట్టే. ఈ బెడదకు విరుగుడుగా పుట్టిన భద్రతా వ్యవస్థే ఎస్‌ఈలినక్స్.

దీని మూలాలు 1990ల నాటి మైక్రోకెర్నల్ పరిశోధనల్లో ఉన్నాయి. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ, సెక్యూర్ కంప్యూటింగ్ కార్పొరేషన్, యూటా విశ్వవిద్యాలయం కలిసి ఫ్లాస్క్ అనే నిర్మాణాన్ని రూపొందించాయి. అందులో అనుమతిని నిర్ణయించే భాగం వేరు, అమలు చేసే భాగం వేరు. నియమాలను కెర్నల్ కోడ్‌లో పాతిపెట్టకుండా, విడిగా రాసి తర్వాత ఎక్కిస్తారు. పీటర్ లాస్కోకో, స్టీఫెన్ స్మాలీ ప్రభృతులు దీన్ని లినక్స్‌కు తీసుకొచ్చారు; అదే ఎస్‌ఈలినక్స్. 2000 డిసెంబరులో ఎన్‌ఎస్‌ఏ దాని సోర్స్ కోడ్‌ను అందరికీ విడుదల చేసింది. అయితే కెర్నల్‌ను ఒకే భద్రతా పద్ధతికి కట్టేయడానికి లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. ఎవరి పద్ధతినైనా తగిలించుకోగల చట్రం కావాలన్నారు. అలా లినక్స్ సెక్యూరిటీ మాడ్యూల్స్ వచ్చాయి. ఎస్‌ఈలినక్స్ 2003లో 2.6 కెర్నల్‌తో అసలు లినక్స్‌లో చేరింది.

ఇందులో అసలు ఘట్టం పాలసీని, అంటే ఆ నియమాల మొత్తాన్ని, ఎక్కించడం. మనిషి చదవగలిగేలా రాసిన నియమాలను కంపైలర్ ఒకే బైనరీ ఫైలుగా మారుస్తుంది. కంప్యూటర్ బూట్ కాగానే మొదట లేచే ఇనిట్ ప్రాసెస్, మిగతా సేవల్ని ప్రారంభించకముందే ఆ ఫైలును కెర్నల్‌కు అందిస్తుంది. అందుకు ఎస్‌ఈలినక్స్ ఫైల్‌సిస్టమ్‌లో ‘లోడ్’ అనే ప్రత్యేక ఫైలు ఉంది. పాలసీ మొత్తాన్ని అందులో ఒకే దెబ్బకు రాయాలి; ముక్కలు ముక్కలుగా రాస్తే కెర్నల్ తీసుకోదు. ఆ తర్వాత ఇనిట్ తన భద్రతా ముద్ర (లేబుల్)తో తానూ నియమాల కిందికి వస్తుంది.

నడుస్తున్న యంత్రంలో పాలసీ మార్చాలంటే మెలిక ఉంది: కొత్తది ఎక్కించడానికి పాత పాలసీ అనుమతి కావాలి. కొత్త పాలసీలో తప్పుంటే కెర్నల్ దాన్ని తిప్పికొడుతుంది, పాతదే కొనసాగుతుంది. సరిగ్గా ఉంటే కొత్తదాన్ని అమల్లోకి తెచ్చి, పాత తీర్పులు దాచుకున్న క్యాష్‌ను ఖాళీ చేస్తుంది.

దీని ఫలం వెబ్ సర్వర్ దగ్గర కనిపిస్తుంది. సర్వర్ ప్రాసెస్‌కు ఒక ముద్ర, వెబ్ పేజీలకు ఒక ముద్ర, పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే షాడో ఫైలుకు మరో ముద్ర. మొదటిది రెండోదాన్ని చదవొచ్చని పాలసీలో నియమం ఉంటుంది. మూడోదాన్ని చదవొచ్చని ఉండదు. లేనిదంతా నిషేధమే. కాబట్టి సర్వర్ రూట్‌గా నడుస్తున్నా షాడో ఫైలు తలుపు తెరుచుకోదు.

మొదట్లో కఠిన పాలసీతో మామూలు పనులే ఆగిపోయి వాడకందార్లు విసిగిపోయారు. అందుకే 2004లో ఫెడోరా కోర్ 3, ప్రమాదం ఎక్కువున్న సేవల్నే కట్టడి చేసే ‘టార్గెటెడ్’ పాలసీతో వచ్చింది. 2014లో ఆండ్రాయిడ్ 5.0 మొత్తం వ్యవస్థకూ ఎస్‌ఈలినక్స్‌ను తప్పనిసరి చేసింది. కోట్లాది ఫోన్లు ఇవాళ బూట్ అయ్యేటప్పుడు ఇదే తంతు నడుస్తుంది.

సర్వర్‌లో ఏదైనా పని ఆగగానే ఎస్‌ఈలినక్స్‌ను ఆపేయడం చాలామంది అడ్మిన్‌లకు అలవాటు. ఆ పని చేయకండి. ఆడిట్ లాగ్‌లో ఏ ముద్ర దేన్ని అడిగితే కాదన్నారో రాసి ఉంటుంది. తరచుగా ఫైలుకు తప్పు ముద్ర పడటమే కారణం. దాన్ని సరిదిద్దండి, కాపలాను మాత్రం ఇంటికి పంపకండి.