బీరువాలోని రివాల్వరు
(ప్రసంగ పాఠము)

కొన్ని వారముల క్రిందట మా కేంద్రమునకు ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసినవారు ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయిని. ఊరిపేరు, ఇంటిపేరు బయటపెట్టవద్దని కోరిరి గనుక ఆ రెంటిని విడిచి విషయము మాత్రము చెప్పెదను. ఆమె భర్త మూడు నెలల క్రిందట కాలధర్మము చెందిరి. వ్యాపారపు రోజులలో డబ్బు సంచితో ఊళ్లు తిరుగవలసి వచ్చుటచే ఆయన లైసెన్సు పొంది ఒక రివాల్వరు కొనిరి. వ్యాపారము మానిన పిదప అది బీరువాలో చీరల వెనుకకు చేరినది. ఇప్పుడా యింటిలో ఆమెయు, ఆరేండ్ల మనుమడును మాత్రమే యున్నారు. కొడుకును కోడలును పట్టణములో ఉద్యోగము చేయుచున్నారు. ఈ మధ్య ఆ ఊరిలో రెండిండ్లలో దొంగలు పడిరి. “ఈ ఆయుధమును ఇంటి రక్షణకు ఉంచుకొనవచ్చునా? ఉంచుకొన్నచో ఎక్కడ ఉంచవలెను? ముట్టుకొనుటకు భయముగా ఉన్నది, వదలుకొనుటకును భయముగా ఉన్నది” అని ఆమె వ్రాసిరి.

వెంటనే చేయవలసిన పని యేదో తిరుగు టపాలోనే తెలిపితిమి. అయినను ఈ సందేహము ఆమె ఒక్కరిది కాదు. దొంగల భయమున్న ప్రతి యింటిలోను ఎవరో ఒకరు “మన దగ్గర ఒక పిస్తోలు ఉండిన ఎంత ధైర్యము!” అని అనుకొనకపోరు. ఆ ధైర్యము వెల యెంతో విచారించుటే నేటి ప్రసంగ విషయము.

ఆయుధమును ప్రయోగించుట కంటె దాచుట కష్టమని మన పూర్వులు ఎరుగుదురు. పాండవులు విరటుని కొలువు చేరబోవు ముందు తమ ఆయుధములను జమ్మిచెట్టుపై నెక్కించి, శవమువలె కట్టి, ఎవరును దరిచేరకుండ చేసిన కథ మన పిల్లలకు కూడ తెలిసినదే. విజయదశమినాడు జమ్మిని పూజించునప్పుడు మనము గాండీవపు మహిమను తలంతుము గాని, దానిని ఒక సంవత్సరము పాటు పరుల చేతికి చిక్కకుండ కాపాడిన ఆ జాగ్రత్తను తలపము. చేతి తుపాకి విషయమున మనకు కావలసిన పాఠము ఆ జాగ్రత్తయే.

మొదట చట్టము సంగతి. 1878లో లిట్టన్ ప్రభువు కాలమున వచ్చిన ఆయుధముల చట్టము భారతీయునకు లైసెన్సు లేనిదే ఆయుధము కూడదన్నది. ఐరోపీయులను మాత్రము ఆ నిర్బంధము నుండి తప్పించినది. ఆ అవమానము జాతి మనసులో చాల కాలము నిలిచినది. 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించిన ప్రాథమిక హక్కులలో, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు కూడ ఉన్నది. అయినను 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగమున చేర్పవలెనని కోరగా అంబేద్కర్ అంగీకరింపలేదు, సభయు చేర్చలేదు. అందువలన మన దేశమున ఆయుధము ప్రభుత్వము ఇచ్చు అనుమతియే గాని పౌరుని ప్రాథమిక హక్కు కాదు. 1962 అక్టోబరు 1 నుండి అమలులోనున్న 1959 నాటి ఆయుధముల చట్టమునకు ఇదియే పునాది.

ఆ చట్టము ప్రకారము ఇరువది యొక్క సంవత్సరములు నిండనివారు తుపాకి ఉంచుకొనరాదు. పోలీసు విచారణ జరుగును. మతి స్థిమితము లేనివారికిని, శాంతిభద్రతలకు భంగము కలిగింతురని తోచినవారికిని లైసెన్సు నిరాకరింపవచ్చును. 2019 సవరణ తరువాత సామాన్యముగ ఒకరు రెండు తుపాకులకు మించి ఉంచుకొనరాదు. లైసెన్సు గడువు ఐదేండ్లు. సామాన్య పౌరునకు దొరకు చేతి తుపాకి ఎక్కువగా 0.32 బోరు రకము, 0.38 బోరును, తొమ్మిది మిల్లీమీటర్ల బోరును నిషిద్ధ వర్గమునకు చెందినవి. 2016 నాటి నియమావళి మరి రెండు సంగతులు కోరుచున్నది: ఆయుధమును భద్రపరచు ఏర్పాటు ఉండవలెను, దానిని సురక్షితముగ వాడుటయందు శిక్షణ ఉండవలెను.

వెంట తీసికొనిపోవుట గూర్చియు కట్టుబాటు కలదు. బహిరంగ ప్రదేశమున చేతి తుపాకి తగిన ఒరలో, పూర్తిగా కప్పబడి, ధరించినవాని అదుపులో ఉండవలెను. జాతరలకు, మతపరమైన ఊరేగింపులకు, జనసమూహములకు, విద్యాలయముల ఆవరణలకు తీసికొనిపోరాదు. పెండ్లి ఊరేగింపులలో ఉత్సాహముతో తుపాకి పేల్చి ఇతరుల ప్రాణమునకు ముప్పు తెచ్చువారికి 2019 నుండి రెండేండ్ల వరకు కారాగారమో, లక్ష రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. ఆయుధమును కప్పి ఉంచుమనుట ఎదుటివానిని వంచించుటకు కాదు. నలుగురు తిరుగు చోట భయము పుట్టకుండుటకు. రద్దీగల బస్సులో నడుమున రివాల్వరుతో ప్రయాణించువాడు తన ప్రాణముతో పాటు ఆ రివాల్వరును గూడ కాపాడుకొనవలసిన వాడగును. అది పోయినచో వెంటనే పోలీసులకు తెలుపుట అతని విధి.

ఇక ఇంటిలోని చిక్కు చూడుడు. రక్షణకై ఉంచిన రివాల్వరు అర్ధరాత్రి క్షణములో చేతి కందవలెను. ఆరేండ్ల పిల్లవానికి ఎన్నడును అందరాదు. ఈ రెండును ఒక్కచోట కుదురవు. ఇనుప పెట్టెలో పెట్టి తాళము వేసి, తూటాలను వేరొకచోట తాళములో ఉంచినచో పిల్లవాడు క్షేమము. కాని దొంగ వచ్చిన వేళకు అది చేతి కందదు. తలగడ క్రింద నింపి పెట్టినచో చేతి కందును. కాని పెద్దలు వంటయింటిలో ఉన్న వేళ అదే తలగడపై పిల్లవాడు దొర్లును. చాల రివాల్వర్లలో మీట నొక్కినంతనే తూటాల చక్రము తిరిగి గుండు వెడలును. ఆపుటకు వేరే గడియ ఉండదు. పసివాని వ్రేళ్లకు అంత బలము ఉండదని నమ్మరాదు. ఒక వ్రేలు చాలనిచో వాడు రెండు వ్రేళ్లతో లాగును. ఇక దాచినచోటు తెలియదనుకొందుమా, బెల్లపు డబ్బా ఎన్నిచోట్లకు మార్చినను పిల్లలకు తెలియుట లేదా?

పెద్దల వలన కలుగు పొరపాట్లును తక్కువ కావు. పిస్తోలు నుండి తూటాల పెట్టెను తీసివేసి, ఇక ఖాళీ అయినదని భ్రమించి మీట నొక్కినవారు ఎందరో కలరు. గొట్టము మొదట ఒక తూటా మిగిలి యుండునని వారికి తోచలేదు. అందుచే ఆయుధము నెరిగినవారు కొన్ని నియమములను తప్పరు. ప్రతి తుపాకిని నింపినదానివలెనే చూడవలెను. కాల్పదలచనిదాని వైపు గొట్టమును త్రిప్పరాదు. గురి కుదిరి, కాల్చుటకు నిశ్చయించువరకు మీటపై వ్రేలు పెట్టరాదు. గురికి వెనుక ఏమున్నదో తెలియనిదే కాల్పరాదు. ఈ చివరి మాట మన యిండ్లకు మిక్కిలి ముఖ్యము. చెక్కగోడను, పలుచని తలుపును గుండు సులభముగ దాటిపోవును. ఆ వైపున మనవారే నిదురించుచుందురు.

రాత్రి రెండు గంటలకు నిదుర లేచిన మనిషిని ఊహించుకొనుడు. కన్నులకు అద్దములు లేవు. కరెంటు లేదు. చేతులు వణకుచున్నవి. వసారాలో ఏదో ఆకారము కదలినది. అది దొంగ కావచ్చును. కడపటి బస్సు దిగి చెప్పకుండ వచ్చిన కొడుకు కావచ్చును. “ఎవరది?” అని గట్టిగా అడిగిన నోటిమాటను సరిదిద్దుకొనవచ్చును, వెడలిన గుండును సరిదిద్దుకొనుట లేదు.

మన దేశమున తుపాకి గల ఇండ్లు అరుదు. ఇంటింట తుపాకులున్న అమెరికాలో ఈ విషయముపై పరిశోధనలు విస్తారముగ జరిగినవి. 1993లో ఆర్థర్ కెల్లర్‌మన్ అను వైద్యుడును, ఆయన సహచరులును ప్రకటించిన పరిశోధనలో, తుపాకి ఉన్న యింటిలో హత్య జరుగు ప్రమాదము లేని యింటికంటె ఎక్కువగా కనబడినది. చంపినవారు అధికముగ బంధువులో, పరిచయస్థులో. కాలిఫోర్నియా రాష్ట్రపు ప్రజలను పలు సంవత్సరములు పరిశీలించి 2020లో ప్రకటించిన మరియొక పరిశోధనలో, చేతి తుపాకి ఉన్నవారిలో ఆత్మహత్యలు లేనివారిలో కంటె చాల ఎక్కువగా తేలినవి. ఆ దేశపు పరిస్థితులు వేరు. మనుష్య స్వభావము వేరు కాదు. శోకము, అప్పు, తాగుడు, కలహము ఇవి యే యింటికైన రాగలవు. సామాన్యముగ ఆ చెడ్డ గడియ గడచిపోవును, తెల్లవారును, ఎవరో ఒకరు వచ్చి పలుకరింతురు. ఆ గడియను గడవనీయని వస్తువు చేతి దూరమున లేకుండుటయే మేలు. మనసు క్రుంగినవారున్న యింటి నుండి తుపాకిని తాత్కాలికముగనైన బయటకు పంపుట వారిని అవమానించుట కాదు, కాపాడుకొనుట.

ఆత్మరక్షణ హక్కు మన చట్టమున లేకపోలేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో 96 నుండి 106 వరకున్న సెక్షన్లు, 2024 జులై 1 నుండి భారతీయ న్యాయసంహితలో 34 నుండి 44 వరకును ఉన్నవి. ప్రాణమునకో, తీవ్రమైన గాయమునకో ముప్పు తోచినప్పుడును, దోపిడి జరుగుచున్నప్పుడును, సూర్యాస్తమయము తరువాత సూర్యోదయమునకు ముందు ఇంటికి కన్నము వేసి చొరబడినప్పుడును ఆ హక్కు ఎదుటివాని ప్రాణము తీయువరకు పోవచ్చును. కాని రెండు హద్దులు కలవు. అధికారుల రక్షణ కోరుటకు వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు లేదు. రక్షణకు అవసరమైన దానికంటె ఎక్కువ హాని చేయరాదు. గోడ దూకి వట్టి చేతులతో పారిపోవుచున్నవాని వీపున కాల్చినవాడు తన్ను కాపాడుకొన్నవాడు కాడు. కాల్చిన ప్రతివాడును ఆ చీకటి క్షణములో ఏమి చూచెనో, ఏమి తలచెనో న్యాయస్థానమున పగటి వెలుగులో చెప్పుకొనవలసి యుండును.

మరి ఇంటికి రక్షణ ఏది? దొంగ వెదకునది చీకటిని, ఏకాంతమును, శ్రమలేని ప్రవేశమును. ఈ మూడింటిని తీసివేయుటయే మనము చేయవలసినది. దొడ్డి తలుపునకు వీధి తలుపునకున్నంత గట్టి గడియ పెట్టవలెను. వసారాలోను, పెరటిలోను దీపము ఉండవలెను. బంగారమును బ్యాంకు లాకరులో ఉంచవలెను. ఊరికి పోవుచు ఇరుగుపొరుగులకు చెప్పిపోవలెను. మొరుగు కుక్క మంచి కావలి. అలికిడి వినబడినచో పిల్లలతో ఒక గదిలో చేరి గడియ బిగించి, దీపములు వెలిగించి, పొరుగువారిని కేక వేసి, 112కు టెలిఫోను చేయవలెను. పోయిన సొమ్మును మరల సంపాదించుకొనవచ్చును.

ఇక ఆ ఉపాధ్యాయినికి మేము వ్రాసిన జవాబు. లైసెన్సు ఇంటికి కాదు, మనిషికి. భర్త పేరనున్న లైసెన్సు ఆయనతోనే ముగిసినది. లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనుట రెండేండ్ల నుండి ఐదేండ్ల వరకు కారాగార శిక్షకు తగిన నేరము. అందుచే అనవసరపు జాప్యము లేక దానిని దగ్గరి పోలీసు స్టేషనులోనో, లైసెన్సు గల ఆయుధ వర్తకుని వద్దనో జమ చేయవలెను. ఆమె స్వయముగ దానిని విప్పి తూటాలు తీయ ప్రయత్నింపరాదు. సంచిలో పెట్టుకొని బస్సెక్కరాదు. బీరువాకు తాళము వేసి, తాళపుచెవి ఒంటిపైననే ఉంచుకొని, స్టేషనుకు టెలిఫోను చేసి అధికారిని ఇంటికి పిలువవలెను. లైసెన్సు పుస్తకమును, మరణ ధ్రువపత్రమును చూపి, ఆయుధమునకును, ప్రతి తూటాకును లెక్క వ్రాయించి రశీదు పొందవలెను. పిమ్మట కుమారునకు ఇష్టమైనచో వారసునిగ లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చును. లేనిచో అర్హత గలవారికి అమ్మవచ్చును. అట్లే వదలివేసినచో గడువు తీరిన పిదప అది ప్రభుత్వ పరమగును. మా సలహా మాత్రము అమ్మివేయుడనియే.

ఈ ప్రసంగము వ్రాయుచుండగా ఆమె వద్దనుండి ఒక కార్డు వచ్చినది. అధికారి ఇంటికి వచ్చి, రివాల్వరు తెరచి చూచిరట. ఆరు గదులలో నాలుగింట తూటాలు ఉండినవట. రశీదు ఇచ్చి వెడలిరట. ఆయన జీపు సందు మలుపు తిరిగిన పిదప మనుమడు నాయనమ్మ ఒడిలో చేరి, “తాతయ్య తుపాకి తీసుకెళ్లిపోయారా?” అని అడిగెనట. దానిని గూర్చి వానితో ఎవరును ఎన్నడును చెప్పలేదు.