ఇరుగుపొరుగుల సాక్ష్యము

బంజారా హిల్సులో నొక యింటి పెరటియందు వానను కొలుచుటకై పది గిన్నెల నుంచితిమనుకొందము. మఱునాఁడు పదింటను ఇంచుమించు ఒకే మట్టమున నీరు నిలిచియుండును. పదిమారులు కొలిచితిమి గనుక పొరపాటునకుఁ దావు లేదని సంతోషింతుము. కాని యీ పది గిన్నెలును పలుకునది యొక్క మాటయే. పెరటినిగూర్చి యది నిజమే. నగరమంతటినిగూర్చి మాత్రము ఒక్క సాక్షి వాఙ్మూలముకంటె నించుక యెక్కువ, అంతియే. ఫిలింనగరులో చిత్రీకరణము నాపివేయునంతటి వాన కురియుచుండఁగా మలక్‌పేటలో నేల తడియకుండుట హైదరాబాదువారికిఁ గ్రొత్త గాదు.

దగ్గఱి తావుల కొలతలు ఒకదానినొకటి పోలి, దూరము పెరిగినకొలఁది యా పోలిక సడలుచుండుట ప్రాదేశిక పరతంత్రత యనఁబడును. పాట్రిక్ మోరాను అను గణితవేత్త 1950 లో నీ పోలికను ఒక్క సంఖ్యగాఁ గొలుచు పద్ధతిని ప్రకటించెను. 1970 లో వాల్డో టోబ్లరు దీనినే భూగోళశాస్త్రమునకు మొదటి సూత్రముగాఁ బేర్కొనెను.

పోలికను 0 మొదలు 1 వఱకుఁ గొలిచి, మన గిన్నెలలో నే రెంటి నడుమనైనను అది 0.9 అని యెంచుదము. ఒకటికి తొమ్మిది 0.9 లను చేర్చిన 9.1 అగును. పదిని దానిచే భాగింపుఁడు: ఇంచుమించు 1.1. పది గిన్నెల విలువ ఒక గిన్నెయు పదియవ వంతును మాత్రమే! పోలిక 0.5 కు దిగినను అవి రెండు గిన్నెలకు సాటి రావు. పిల్లలు తామే లెక్క వేసి చూచుకొనవచ్చును.

ఇది పలకమీఁది వినోదము మాత్రమే కాదు. 1908 సెప్టెంబరు 28 వ తేదీని మూసీ పొంగి వేలకొలఁది ప్రజలను పొట్టనఁబెట్టుకొనెను. పిమ్మట నిజాము ప్రభుత్వము రావించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఎగువ ప్రాంతమును పరిశీలించిరి. అచ్చటి 788 చెరువులలో 221 తెగిపోయియుండెను. చెరువులు ఒకదానితో నొకటి సంబంధము లేనివే యైనచో, ఒక్క వానలో నిన్ని తెగుట నమ్మశక్యము కాదు. ఒకే మేఘము అన్నిటిపైనను కురిసినది, అదియొక బంధము. తెగిన పై చెరువు నీరు క్రింది చెరువు కట్టపైఁ బడినది. ఇది రెండవ బంధము. పటముపై రెండును ఒకే తీరున గుంపులుగాఁ గనఁబడును గాని, మందు వేఱు. పై కట్టను బలపఱచినచో రెండవ కీడు తప్పును. మొదటిదానికి అది యక్కఱకు రాదు. పటమును చూచిన మాత్రమున కారణము తెలిసెననువారిని మేము నమ్మము.

నగరమునకు ఎగువన ఉస్మాన్‌సాగరు 1920 లోను, హిమాయత్‌సాగరు 1927 లోను వెలసినవి. బంజారా కొండలపైఁ గురిసిన వాన వానిలోఁ జేరదు. కాలువలవెంట హుస్సేన్‌సాగరునకు దిగును. కాఁబట్టి యీ కొండల వానను వేఱుగాఁ గొలువక తప్పదు.

అయినను ప్రతి యింటను గిన్నె పెట్టలేము గదా! ఇచ్చట మనలను మోసగించిన పోలికయే మనకు సాయపడును. పోలికయే లేకున్నచో కొలువని తావును గూర్చి యెవ్వరు నేమియుఁ జెప్పఁజాలరు. దక్షిణాఫ్రికా బంగారు గనులలో డానీ క్రీగు అను నింజనీరు, త్రవ్వినచోటుల ఖనిజమునుబట్టి త్రవ్వనిచోటి ఖనిజము నంచనా వేయఁబూనెను. ఫ్రాన్సు దేశీయుఁడు జార్జి మాతెరాను దానిని శాస్త్రముగాఁ దీర్చి, ఆతని పేరిటనే క్రీగింగని వ్యవహరించెను. ఇందు దగ్గఱి కొలతకు సామాన్యముగా నెక్కువ బరువు, దూరపుదానికిఁ దక్కువ. ప్రక్కప్రక్కనున్న రెండు కొలతలు మాత్రము ఒక్క సాక్షి బరువును పంచుకొనవలసినదే.

కాఁబట్టి మన పెరటిలో రెండు గిన్నెలు చాలును. ఒకటి పిల్లి బోర్లించినను రెండవది మిగులును. తక్కిన యెనిమిదింటిని మలక్‌పేటకును, శంషాబాదునకును, మఱి యెచ్చటెచ్చట చుట్టము లున్నారో యచ్చటికిని పంపుదము. అన్నియు నిటారు అంచులు గలవై యుండవలయును.