రోజూ మేపితేనే... నీలిమంట!

గొడ్ల చావిట్లో పేడ, పట్నం కాలువలో మురుగు... రెండూ ముక్కు మూసుకునేలా చేసేవే. కానీ వాటి నుంచే వంటగ్యాసూ కరెంటూ పుడతాయి. మరి పల్లెల్లో ఒకప్పుడు ముచ్చటపడి కట్టించుకున్న గోబర్‌గ్యాస్ ప్లాంట్లు ఎందుకు మూలనపడ్డాయి?

పెరట్లో గొడ్ల చావిడి. పక్కనే సిమెంటు తొట్టి. దాని వెనక తుప్పుపట్టిన పెద్ద ఇనప డ్రమ్ము. 'అదేంటి?' అని పిల్లలు అడిగితే 'గోబర్‌గ్యాసు. మీ నాయనమ్మ దానిమీదే వండేది' అంటారు పెద్దలు. చాలా ఊళ్లలో ఇలాంటి పెరడు ఒక్కటైనా ఉంటుంది. ఎందుకు ఆగిపోయిందని అడిగితే మాత్రం 'ఏమో, గ్యాసు రావడం మానేసింది' అన్న జవాబే వస్తుంది.

నిజానికి చాలాచోట్ల మానేసింది గ్యాసు కాదు... మేత వేసేవాళ్లే!

అదీ ఓ పొట్టే!

ఆవు తిన్న గడ్డిని అరిగించేది దాని పొట్టలోని సూక్ష్మజీవులు. మీథేన్ తయారుచేసే రకాలూ వాటిలో ఉంటాయి. పేడతోపాటు అవీ బయటికొస్తాయి. ఆ పేడను గాలి తగలని గుంతలో వేస్తే అక్కడా అదే పని మొదలుపెడతాయి. అలా వచ్చే గ్యాసులో దాదాపు 55 నుంచి 65 శాతం మీథేనే. మిగతాది చాలావరకూ కార్బన్ డయాక్సైడ్.

రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ కావాలి. అంటే నాలుగైదు పశువులుండాలి. అంతే నీళ్లు పోసి, రాళ్లూ గడ్డిపరకలూ ఏరేసి, జారుగా కలిపి పోయాలి. అది నిండుగా పనిచేస్తే రోజుకు సుమారు 850 గ్రాముల ఎల్పీజీతో సమానం. నలుగురైదుగురున్న ఇంటికి వంట గడిచిపోతుంది. గిన్నెలకు మసి ఉండదు, కళ్లకు పొగ ఉండదు.

పిడక కాలిస్తే మిగిలేది బూడిదే. ఇక్కడ మాత్రం మంటా దక్కుతుంది, ఎరువూ మిగులుతుంది. నత్రజని, భాస్వరం, పొటాష్ చాలావరకూ బయటికొచ్చే మడ్డిలోనే ఉంటాయి.

మూలనపడిందిలా...

జష్‌భాయి పటేల్ రూపొందించిన తేలే డ్రమ్ము నమూనాను ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ 1960ల్లో ఊరూరా ప్రచారం చేసింది. 1981-82లో జాతీయ పథకం వచ్చింది. డ్రమ్ముకు తుప్పు బెడద తప్పదు కాబట్టి 1984లో ఇటుకల గుమ్మటంతో 'దీనబంధు' నమూనా వచ్చింది. ఇందులో ఇనుముతో పనిలేదు, ఖర్చూ తక్కువే.

ఇంతలో పల్లె మారిపోయింది. ట్రాక్టరొచ్చి ఎద్దులు పోయాయి. అయిదు పశువులున్న చావిట్లో రెండే మిగిలాయి. సగం కడుపుతో ఉన్న ప్లాంటు సగం గ్యాసే ఇచ్చింది. పేడ ఎత్తడం, నీళ్లు మోయడం, కలపడం... ఎక్కువ ఇళ్లలో ఆడవాళ్ల పనే అయింది. ఎండాకాలంలో తాగేనీటికే కటకటైతే తొట్టిలోకి 50 లీటర్లు ఎక్కణ్నుంచి వస్తాయి? ఫోన్ చేస్తే సిలిండర్ గుమ్మంలోకొస్తుంటే ఈ చాకిరీ ఎవరికి కావాలి?

చిన్న లోపాలకే వదిలేసినవీ ఉన్నాయి. గొట్టంలో నీరు చేరితే మంట ఎగిరెగిరి పడుతుంది. ఆ నీటిని తీసేస్తే చాలు. కానీ ఆ మాట చెప్పే మనిషి ఊళ్లో ఉండాలి కదా!

పట్నానికి కొరతా?

నగరాల్లో మేతకు కరవే లేదు. మురుగునీటిని తొట్లలో నిలబెడితే అడుగున మడ్డి పేరుకుంటుంది. దాన్ని మూసిన ట్యాంకుల్లో మాగబెడితే ఇదే గ్యాసు వస్తుంది. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో 1895లోనే మురుగు గ్యాసుతో వీధిదీపాలు వెలిగించారు. మన సూరత్‌లో 2003లో అంజనా శుద్ధి కేంద్రం దగ్గర అర మెగావాట్ విద్యుత్తు ప్లాంటు పెట్టారు. ఆ గ్యాసును పట్టుకోకుండా వదిలేస్తే వాతావరణానికి చేటు. వందేళ్ల లెక్కన చూస్తే, భూమిని వేడెక్కించడంలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌కన్నా పాతిక రెట్లకు పైగా చురుకైనది మరి.

అయితే పట్నం మురుగులో ఫ్యాక్టరీల వ్యర్థాలూ కలుస్తాయి. కాబట్టి ఆ మడ్డిని పరీక్షించాకే పొలంలో వేయాలి.

తోడు పెట్టండి

మూలనపడ్డ ప్లాంటును మళ్లీ మొదలుపెట్టాలనుకునేవారు ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఖాళీగానే ఉంది కదా అని గుంతలోకి దిగొద్దు. లోపలి విషవాయువులు ప్రాణాలు తీస్తాయి. ఆ పని తెలిసినవాళ్లతోనే చేయించాలి. శుభ్రం చేశాక పేడ జారు నింపి, పనిచేస్తున్న మరో ప్లాంటు నుంచి తెచ్చిన మడ్డి కొంత కలపాలి. పాలకు తోడు వేసినట్టే! మొదట వచ్చే గ్యాసులో గాలి కలిసి ఉంటుంది. దాన్ని వెలిగించకుండా బయటికి వదిలేయాలి.

కొత్తగా కట్టించుకునేవాళ్లు మొట్టమొదట 'సబ్సిడీ ఎంత?' అని అడుగుతారు. దానికన్నా ముందు ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాల్సిన మాట ఇంకొకటుంది...

రేపు పొద్దున్న తొట్టిలో పేడ కలిపేదెవరు?